ఎవరి పేరు తీసేశాను?

మా ఊరి పేరు కాగితాల్లో వాల్మీకిపురం. నోట్లో మాత్రం వాయల్పాడే. బస్సులో టికెట్ అడిగేవాళ్లూ, కూరగాయలమ్మే ఆడవాళ్లూ, మా అమ్మా అందరూ అదే అంటారు. కాగితంమీద ఉండే పేరుకీ నోట్లో ఉండే పేరుకీ మధ్య ఉన్న దూరం గురించి నేనెప్పుడూ పెద్దగా ఆలోచించలేదు. అరవై దాటాక, ఒక కంప్యూటర్ ఫైలు నాచేత ఆలోచింపజేసింది.

ముప్ఫయ్యేళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పాను. ఆ పనితోపాటే ఇంకో పని పెట్టుకున్నాను. చెనక్కాయలు ఒలిచేటప్పుడు, చింతపండు గింజ తీసేటప్పుడు, టమోటా కోతకి పోయినప్పుడు, సంగటి కెలికేటప్పుడు ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలు, సామెతలు, తిట్లు, పాటలు నోటుపుస్తకాల్లో రాసుకునేదాన్ని. రిటైరయ్యేసరికి ఏడు పుస్తకాలయ్యాయి. అందులో ఏ మాట ఎక్కడుందో నాకే దొరికేది కాదు. అప్పట్లో మదనపల్లెలో ఇంజినీరింగ్ చదువుతున్న మా తమ్ముడి కూతురు వాటిని చూసి, "వీటిని టిడ్లీవికీలో పెడదాం అత్తా" అంది.

వికీ అంటే మనందరికీ వికీపీడియానే గుర్తొస్తుంది. కానీ అంతకంటే ముందే, 1995లో, వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ చదివేవాళ్లే దిద్దగలిగే పేజీలను తయారుచేసి, వాటికి 'త్వరగా' అనే అర్థమున్న హవాయి మాటని పేరుగా పెట్టాడు. 2004లో జెరెమీ రస్టన్ అనే ఆయన ఆ ఊహనే ఒక మనిషి సొంత నోటుపుస్తకం సైజుకి తెచ్చాడు. అదే టిడ్లీవికీ. మొత్తం పుస్తకమంతా ఒకే ఒక ఫైలు. ఇంటర్నెట్ లేకపోయినా బ్రౌజర్లో తెరుచుకుంటుంది. అందులోని ఒక్కో చీటీని టిడ్లర్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకి చిన్న చేప అని అర్థమట. ఒక చీటీలోంచి ఇంకో చీటీకి దారి వేసుకుంటూ పోవచ్చు. 'సద్ది' నుంచి 'ఊరుబిండి'కి, అక్కణ్ణుంచి రోటి దగ్గర పాడిన పాటకి, ఆ పాట చెప్పిన మనిషికి. వంటింట్లోంచి పొలానికీ, పొలంలోంచి పాటకీ పోయే మా మాటలకి ఇంతకంటే సరిపోయే పుస్తకం నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఒక్క చిక్కు వచ్చింది. మాటలు అకారాదిగా రావాలి. కంప్యూటర్‌కి తెలిసిన వరుసలో 'ర' పక్కనే 'ఱ', 'ల' పక్కనే 'ళ' ఉంటాయి. నేను పిల్లలకి నేర్పిన వరుసలో ళ, క్ష, ఱ చివర్లో వస్తాయి. దీనికోసం మా అమ్మాయి ఎక్కడో వెతికి ఒక ప్లగిన్ తెచ్చింది. ప్లగిన్ అంటే అసలు సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న పనిముట్టు. టిడ్లీవికీకి ఇలాంటివి చాలా ఉన్నాయి. చాలామటుకు జీతం తీసుకుని రాసినవి కావు. ఎవరికో ఒక అవసరం వచ్చి రాసుకుని, పదిమందికీ పనికొస్తుందని బయటపెట్టినవి. ఆ ఫైలుని లాగి మన పేజీ మీద వదిలితే చాలు, అతుక్కుంటుంది. అలా తెచ్చినదాన్ని మా అమ్మాయి రెండు రాత్రులు కూర్చుని మన అక్షరాలకి తగ్గట్టు మార్చింది.

దాని తలమీద ఇంగ్లీషులో ఒక పేరు, సంవత్సరం, దానికింద పొడుగాటి పేరా ఉన్నాయి. "ఈ గొడవంతా ఏంటికి, తీసేయ్" అన్నాను. తీసేసింది. ఆ ఫైలుని నాలాగే మాటలు పోగుచేసే తొమ్మిదిమంది స్నేహితురాళ్లకు పంపాను. పుంగనూరులో ఇద్దరు, కుప్పంలో ఒకరు, మిగతావాళ్లు ఇంకా దూరంలో. అందరూ మెచ్చుకున్నారు. "మీరే చేశారా?" అని ఒకరడిగితే "మేమే" అన్నాను.

రెండేళ్ల తర్వాత బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సంక్రాంతికి వచ్చింది. ఆఫీసులో లైసెన్సుల గురించి పాఠం చెప్పారట. అన్నం తింటూ అంది. "అత్తా, ఆ పొద్దు మనం తప్పు చేసినాం. మనం తీసేసింది గొడవ కాదు, ఆయమ్మ పేరు."

ఆయమ్మ! అది ఆడమనిషి రాసిందన్న సంగతి కూడా నేను చూసుకోలేదు.

ఆ పేరా ఏమిటో అప్పుడు చదివించుకున్నాను. అది బీఎస్‌డీ అనే లైసెన్సు. టిడ్లీవికీ కూడా దానికిందే ఉంది. చెప్పేది చాలా తక్కువ. దీన్ని వాడుకోండి, మార్చుకోండి, పంచండి, అమ్ముకున్నా సరే. రాసినవారి పేరు, ఈ షరతులు ఉన్న ఈ పేరాని మాత్రం తీసెయ్యకండి. మీ సరుకుకి ప్రచారం కోసం మా పేరు వాడకండి. దీనివల్ల నష్టమొస్తే మా పూచీ లేదు. అంతే. అన్నీ ఇచ్చేసి, పేరు మాత్రం ఉంచమంది ఆవిడ. నేను అన్నీ తీసుకుని, ఉంచమన్న ఆ ఒక్కదాన్నీ తీసేశాను.

ఇందులో ఇంకో మెలిక ఉంది. టిడ్లీవికీలో పుస్తకమూ పనిముట్టూ ఒకే ఫైలు. నా మాటలపుస్తకాన్ని స్నేహితురాలికి పంపానంటే, అందులో అతుక్కున్న ప్లగిన్లన్నిటినీ పంచినట్టే. పైగా టిడ్లీవికీది బీఎస్‌డీ అయినంతమాత్రాన దానికి తగిలించే ప్రతి ప్లగిన్‌దీ అదే కానక్కర్లేదు. జీపీఎల్ లాంటి లైసెన్సయితే, దాన్ని మార్చి పంచేవాళ్లు ఆ మార్పుల్నీ అదే స్వేచ్ఛతో ఇవ్వాలంటుంది. ఏ లైసెన్సూ లేకుండా ఎవరైనా బయటపెడితే అది అందరిదీ అనుకుంటాం. కాదు. చట్టం దృష్టిలో అనుమతి ఇవ్వనట్టే. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని కూడా సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది. అదే చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం హక్కులు ఇంకొకరికి రాసిచ్చేసినా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రాసినవారిదే.

ఇది విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. పట్టకపోవడానికి కారణం 1996.

ఆ ఏడాది ఒకాయన రాయలసీమ జానపదాలమీద పుస్తకం వేశారు. అంతకుముందు మా ఇంటికొచ్చి, మా అమ్మ చేత్తో కాఫీ తాగి, నా మొదటి మూడు నోటుపుస్తకాలు తీసుకెళ్లారు. ఇచ్చాను. జ్ఞానం పంచుకోవాలని నమ్మేదాన్ని, ఇప్పటికీ నమ్ముతాను. పుస్తకంలో నా వివరణలు వాక్యాలకు వాక్యాలు ఉన్నాయి. ముందుమాటలో 'సహకరించిన పల్లె స్త్రీలకు' కృతజ్ఞతలున్నాయి. నేనూ, నాకు పాటలు చెప్పిన పద్నాలుగుమందీ ఆ ఒక్క మాటలో కలిసిపోయాం. ఆ బాధని ఎన్ని సభల్లో చెప్పుకున్నాను! ఆడవాళ్ల శ్రమని అదృశ్యం చేస్తారని ఎన్ని వ్యాసాలు రాశాను! అలాంటి నేను ఒక్క మాటతో, 'గొడవ' అనుకుని, ఇంకో స్త్రీని అదృశ్యం చేశాను. ఆయన కూడా బహుశా అంతే తేలిగ్గా చేసి ఉంటాడు. దుర్మార్గం అక్కర్లేదు, ఆ పేరు అనవసరం అనిపిస్తే చాలు.

మాకు దగ్గర్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాకూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో జనగణమన పాడి, అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. ఆ బాణీకి స్వరలిపి రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్. స్త్రీల ఓటుహక్కు కోసం ఐర్లండ్‌లోనూ ఇక్కడా పోరాడిన మనిషి. ప్రతి ఉదయం ఆ పాట పాడే మా బడిపిల్లల్ని ఏటా అడిగేదాన్ని. ఠాకూర్ పేరు అందరూ చెప్పేవాళ్లు. ఆమె పేరు ఒక్కరూ చెప్పలేదు.

"పేరు పేరు అనడం వ్యక్తివాదం కాదా? మన పాటలు అందరివీ కదా?" అని కుప్పం స్నేహితురాలు వాదించింది. నిజమే, రోటిపాటని ప్రతి గొంతూ కొంత మార్చింది. అందుకే అది బతికింది. కానీ అందరిదీ అన్నది ఎప్పుడు ఎవరికి లాభమైందో కూడా చూడాలి కదా? లైసెన్సులో నాకు నచ్చినది, అది పంచుకోవడాన్నీ పేరునీ ఎదురెదురుగా నిలబెట్టదు. మన తెలుగులోనే చూడండి. వెన్న నాగార్జున చేసిన పద్మ మీద ఆధారపడి వీవెన్ లేఖిని చేశారు. మనలో ఎంతోమంది కంప్యూటర్లో మొదటి తెలుగు అక్షరం దాంట్లోనే కొట్టాం. తెలుగు వికీపీడియాలో ఒక్క కామా దిద్దినా చరిత్ర పేజీలో దిద్దినవారి గుర్తు ఉంటుంది. ఒకరిమీద ఒకరు కడుతూ పోవచ్చు, కింద ఉన్నవాళ్లని పూడ్చిపెట్టకుండానే.

అయితే ఆ వెలుగు నామీద కూడా పడింది. ప్లగిన్ రాసినావిడ పేరు పెడతాను సరే, మాటలు చెప్పినవాళ్ల పేర్లో? లైసెన్సు గురించి వాళ్లనెప్పుడైనా అడిగానా? ఉన్నవాళ్లని వెతుక్కుంటూ పోయాను. పద్నాలుగుమందిలో ఆరుగురే మిగిలారు. ఒకామె "నా పేరేంటికిమ్మా, మా ఇంటాయన పేరు రాసుకో" అంది. ఇంకొకామె ఇంటిపేరుతో సహా రాయమని, రాశానో లేదో మనవడిచేత చదివించుకుంది. మూడో ఆమె గొంతు తగ్గించి, "అది మా అత్తని తిట్టిన పాట. పేరు ఎయ్యొద్దు, పాట ఉండనీ" అంది. పేరు పెట్టడమే న్యాయమని బయల్దేరిన నాకు, ఆ ఆరు ఇళ్లు తిరిగాక తెలిసింది, న్యాయం ముందు అడగడంలో ఉందని. ఇప్పుడు ఒక్కో పాట చీటీ కింద ఒక్కో షరతు ఉంది, వాళ్లు చెప్పిన మాటల్లోనే.

ఆవిడ పేరూ, లైసెన్సు పేరా తిరిగి తలమీద పెట్టాం. దానికింద 'తెలుగు అక్షరక్రమం' అని సవరణ రాసి, మా అమ్మాయి తన పేరు కొట్టింది. "నీది కూడా పెట్టత్తా, ఆ వరుస చెప్పింది నువ్వే కదా" అంది. పుట్టింటి పేరా, అత్తింటి పేరా అని కాసేపు ఆగాను. రెండూ వదిలేసి నా పేరు మాత్రం కొట్టాను.

కొత్త ఫైలుని తొమ్మిదిమందికీ క్షమాపణతో పంపాను. ఐదుగురు మార్చుకున్నారు. ఇద్దరు పాతదాన్ని ఇంకెవరికో ఇచ్చామన్నారు, ఎవరికో గుర్తులేదట. ఇంకో ఇద్దరు జవాబివ్వలేదు. పంచినదాన్ని వెనక్కి తీసుకోలేం. ఆవిడ పేరు లేని కాపీ ఎక్కడో ఒకచోట ఇప్పటికీ అకారాదిగా మాటలు పేరుస్తూనే ఉంటుంది. అది మీ చేతికొస్తే, అడగండి, చెప్తాను.