పిల్లకి ఏ పిల్లనగ్రోవి?

పిల్లలకు సంగీతం చెప్పించాలనుకునే తెలుగింట్లో ముందు వచ్చే మాట గాత్రం. తర్వాత వీణ, వయొలిన్, ఈమధ్య కీబోర్డు. మగపిల్లాడైతే మృదంగమో తబలానో. ఏ ఎనిమిదేళ్ళ పిల్లయినా "నేను ఊదేది నేర్చుకుంటా" అందంటే చాలు, ఇంట్లో సలహాలు మొదలు. ఊపిరితిత్తులు అలిసిపోతాయని నాయనమ్మ, బుగ్గలు బూరెలవుతాయని మేనత్త. మురళి ఊదే కృష్ణుడి పటమే ఇంట్లో ఉండకూడదు, ఉన్నదంతా ఊదేస్తాడంటారు, అలాంటిది నిజం మురళే తెస్తారా అని పక్కింటి పెద్దావిడ. వీటిలో ఒక్కదానికీ జడవక్కర్లేదు. జడవాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. వాటి గురించి మాత్రం ఎవరూ అడగరు.

మా పై అంతస్తు అమ్మాయి వాళ్ళ పాప కోసం నన్ను అడిగింది. "ఆంటీ, ఫ్లూటు కొనమంటారా, క్లారినెట్టా? ఆన్‌లైన్‌లో రికార్డరు అని ఏదో చవగ్గా ఉంది, అది తెప్పించనా?" నేను ఒకప్పుడు వేణువు నేర్చుకున్నానని ఆమెకి ఎవరో చెప్పారు. "ఏ మాస్టారు దొరికారమ్మా?" అన్నాను. "మాస్టారిని తర్వాత చూస్తాం, ముందు వాయిద్యం ఉండాలిగా" అంది.

చాలామంది చేసేది ఇదే, తిరగెయ్యాల్సిందీ ఇదే. కీబోర్డు మీద వేలు పక్క మెట్టు మీద పడితే సంగీతం రాని తండ్రయినా చూసి చెప్పగలడు. ఊదే వాయిద్యంలో తప్పు కంటికి కనిపించదు. పెదవుల మధ్య సందు ఎంతుంది, గాలి అంచుకి ఏ వాలులో తగులుతోంది, ఏ బెజ్జం దగ్గర వేలి పక్కనుంచి వెంట్రుకంత గాలి జారిపోతోంది, ఇవన్నీ ఎదురుగా కూర్చున్న మనిషికే తెలుస్తాయి. వీడియో పాఠాలు రెండో ఏడు పనికొస్తాయేమో గానీ మొదటి నెలల్లో మాస్టారు అదే గదిలో ఉండాలి. అందుకని నా లెక్క ఒకటే: బండి మీద అరగంటలో చేరగలిగే దూరంలో మంచి క్లారినెట్టు మాస్టారు ఉండి వేణువు మాస్టారు లేకపోతే పిల్లకి క్లారినెట్టే మంచిది. సంగీత కళాశాల ఉన్న ఊరయితే అక్కడ చదువుకున్నవాళ్ళలో ఎవరో ఒకరు ఆచూకీ చెప్తారు. విజయనగరంలో అలాంటి కళాశాల 1919 నుంచీ ఉంది, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు.

మాస్టారు దొరికాకే వాయిద్యం సంగతి. ముందు వేణువు. జాతరలో కర్రకి గుచ్చి అమ్మే మురళీలు రెండు రకాలు. నోట్లో పెట్టుకుని ఊదేది ఒకటి, అడ్డంగా పట్టుకుని ఊదేది ఒకటి. రెండూ బొమ్మలే. వాటితో ఆడుకోనివ్వండి, పాఠానికి మాత్రం పంపకండి. చాలావాటిలో కింది షడ్జానికీ పై షడ్జానికీ పొత్తు కుదరదు. అలాంటి దాని మీద సాధన చేసిన చెవి తప్పునే ఒప్పుగా పట్టుకుంటుంది, తర్వాత దిద్దడం మహా కష్టం. అసలు వేణువుకి ఖర్చు మరీ ఎక్కువేం కాదు, నేర్చుకునేవాళ్ళది కొన్ని వందల్లో వస్తుంది. దాన్ని కూడా మాస్టారు ఊది చూశాకే కొనాలి.

కర్ణాటక వేణువు వేరు, హిందుస్తానీ బాన్సురీ వేరు. మనవాళ్ళ వేణువుకి ఊదే రంధ్రం కాక ఎనిమిది ఉంటాయి. ఎడమచేతి మూడు వేళ్ళు, కుడిచేతి నాలుగు వేళ్ళు పోగా చివరిది మిగిలిపోతుంది. "దాన్ని ఎవరు మూస్తారు?" అని ప్రతి పిల్లా అడుగుతుంది. మామూలుగా ఎవరూ మూయరు. పై రెండు రంధ్రాలు మూస్తే మనకు షడ్జం పలుకుతుంది, బాన్సురీలో పై మూడు మూయాలి. ఒక పద్ధతి మాస్టారి దగ్గరికి ఇంకో పద్ధతి వేణువుతో వెళ్తే మొదటి రోజే తికమక.

ఇక పొడవు. సినిమాల్లో మనం విని మురిసిపోయే ఆ లోతైన నాదం పొడవాటి బాన్సురీది. పన్నాలాల్ ఘోష్ లాంటివాళ్ళు కచేరీకి తెచ్చిన పెద్ద వెదురు అది, రెండున్నర అడుగులుంటుంది. 1986లో విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల' వచ్చాక ఎన్ని తెలుగిళ్ళలో వేణువు మీద మోజు పుట్టిందో నాకు తెలుసు, మా ఇల్లూ వాటిలో ఒకటి. అందులో వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. ఆ నాదం చెవిలో పెట్టుకుని తండ్రులు కొట్టుకి వెళ్ళి పెద్దది అడుగుతారు. ఎనిమిదేళ్ళ పిల్ల వేళ్ళు ఆ దూరాలకు చాలవు. వేళ్ళు చాచితే మణికట్టు వంకర పోతుంది, మణికట్టు వంకర పోతే వేలు బెజ్జాన్ని పూర్తిగా మూయదు, మూయకపోతే పలకదు. పిల్ల తనకి రాదనుకుంటుంది. తప్పు వెదురుది. మొదటిదానికి ఐదు శ్రుతి, చేతులు మరీ చిన్నవైతే ఆరు శ్రుతి అడగాలి. అంకె పెరిగేకొద్దీ వేణువు పొట్టిదవుతుంది. ఐదు శ్రుతిది మూరెడు కూడా ఉండదు. దాన్ని కూడా పిల్ల చేతికిచ్చి కుడి చిటికెన వేలు ఏడో బెజ్జానికి నొప్పి లేకుండా అందుతోందా అని చూడాలి. కొలవాల్సిన చోటు అదొక్కటే.

మొదటి వారాల్లో శబ్దం రాదు, తుస్సుమంటుంది. నాలుగు ఊపిర్లు గట్టిగా ఊదితే కళ్ళు తిరుగుతాయి. అది జబ్బు కాదు, అవసరానికి మించి గాలి వదలడం. కూర్చుని, రెండు నిమిషాలు ఊది ఒక నిమిషం ఆపితే సరిపోతుంది. ఆయాసం ఉన్న పిల్లయితే వైద్యుణ్ణి ఒకమాట అడగండి. వెదురుకి వేసవి పడదు. ఏసీ గదిలో, కారు వెనక అద్దం దగ్గర వదిలేస్తే బీటలిస్తుంది. బీట చిన్నదైతే గట్టి దారం చుట్టి వాడుకోవచ్చు.

వెదురు మీద నాకు పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను, దానికి ఇంకో కారణం చెప్తాను. ఎడమచేతి వాటం పిల్లలు దాన్ని ఎటు కావాలంటే అటు పట్టుకోవచ్చు. మీటలున్న వాయిద్యాలకు ఆ వీలు లేదు, రికార్డరుకి కూడా ఎడమచెయ్యి పైనే ఉండాలి. చౌరాసియా అప్పటికే పేరున్న విద్వాంసుడై ఉండి, అన్నపూర్ణాదేవి దగ్గర మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవడానికి కుడివైపు పట్టే వేణువుని ఎడమవైపుకి మార్చుకున్నారు. ఇక మాలి అని అందరూ పిలిచే టి.ఆర్. మహాలింగం 1933లో, ఏడేళ్ళ వయసులో మైలాపూరులో తొలి వేణువు కచేరీ చేశారు. ఈ రెండో కథ పిల్లలకు చెప్పండి. తల్లిదండ్రులు మాత్రం గుర్తుపెట్టుకోకపోవడమే మంచిది.

రికార్డరుని చూసి మనవాళ్ళు ముక్కు విరుస్తారు. ప్లాస్టిక్ గొట్టం, బొమ్మలా ఉంటుంది. నిజానికి ఊదగానే పలికేది అదొక్కటే, ఎందుకంటే గాలిని అంచు మీదికి పంపే దారి దాని మూతిలోనే కట్టి ఉంటుంది. మెల్లగా ఊదితే పలుకుతుంది, గట్టిగా ఊదితే కీచుమంటుంది. మెల్లగా ఊదడం నేర్చుకోవడానికి అంతకన్నా ఓపికైన గురువు లేదు. ఐరోపాలో మరుగున పడిపోయిన ఈ వాయిద్యాన్ని ఇంగ్లండులో మళ్ళీ తయారుచేసినవాడు ఆర్నాల్డ్ డోల్మెచ్. ఆయన దగ్గరున్న రెండు వందల ఏళ్ళనాటి రికార్డరు సంచిని 1919లో కొడుకు కార్ల్ లండన్ వాటర్లూ స్టేషనులో మరిచిపోయాడు. పిల్లాడికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. పోయినదాని బదులు తండ్రి తానే ఒకటి చేసుకోడానికి కూర్చున్నాడు. ఇవాళ బళ్ళలో పిల్లలు ఊదుతున్నవాటికి మూలం అదే. పిల్లలు వస్తువులు పారేస్తారని విసుక్కునే తల్లులకు ఈ కథ నేను తప్పకుండా చెప్తాను.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలకు రికార్డరు బడే ఇస్తుంది, మూడో తరగతిలోనో నాలుగులోనో. ఒక్కో పాట వచ్చినప్పుడల్లా కరాటే బెల్టుల్లా ఒక్కో రంగు దారం కట్టే బళ్ళున్నాయి. నల్లదారం కోసం పిల్లలు ఇంట్లో వాళ్ళ ప్రాణాలు తోడేస్తారు. విడిగా కొనుక్కునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి: వేళ్ళ పద్ధతి 'బరోక్' అని ఉండాలి. 'జర్మన్' అని ఉన్నది మొదట్లో సులువనిపిస్తుంది, నాలుగు పాటలయ్యాక పక్క స్వరాలు శ్రుతిలో నిలవవు. గమకం కావాలనుకుంటే రికార్డరు దగ్గర ఆశ పెట్టుకోకండి. ఆ పిల్లలే ఐదారు తరగతుల్లో బ్యాండులోకి వెళ్ళి క్లారినెట్టో ఫ్లూటో ఎంచుకుంటారు. అక్కడ వాయిద్యాన్ని నెలకింతని అద్దెకిచ్చే కొట్లున్నాయి. హాయి. మొదటి ఏడాది కొనకుండా అద్దెకి తీసుకోండి.

క్లారినెట్టుకి పళ్ళు కావాలి. పై పళ్ళు దాని మూతి మీద ఆనాలి, కింది పెదవి పీకని, అంటే రీడుని, ఆపాలి. ముందు పళ్ళు ఊడిపోయి బోసి నవ్వు నవ్వే పిల్ల చేతిలో దాన్ని పెట్టకండి. కొత్త పళ్ళు గట్టిపడ్డాక, ఒకటిన్నరో రెండో నంబరు పీకతో మొదలుపెట్టాలి. పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళంలో విన్నదే కదా అని చిన్నచూపు చూడనక్కర్లేదు, ఎ.కె.సి. నటరాజన్ దాని మీద నిండు కర్ణాటక కచేరీలు చేశారు. శాక్సఫోను ఇత్తడిదైనా పీక ఉంది కాబట్టి ఈ కుటుంబమే. కద్రి గోపాల్‌నాథ్‌ని విన్న పిల్ల అదే కావాలని పేచీ పెడితే బరువు చూపించండి. ఆల్టో రకం రెండున్నర కిలోలకు అటూ ఇటూ. అది మెడకి వేలాడాలి.

నాదస్వరం మాట పై అంతస్తు అమ్మాయి అసలు ఎత్తనేలేదు. ఎవరూ ఎత్తరు. నేనే ఎత్తాను. "అయ్యో ఆంటీ, పెళ్ళిళ్ళలో వాయించడానికా?" అని నవ్వింది. ఆ నవ్వులో తప్పంతా ఆమెది కాదు. సన్నాయి లేకుండా మనకి మంగళసూత్రం పడదు, ఆ క్షణంలో గట్టిమేళం ఆగితే గుండె ఆగుతుంది. వాయించేవాళ్ళ పేరు మాత్రం శుభలేఖలో కనిపించదు, భోజనాల బంతిలో వాళ్ళని ఆఖరికి పిలుస్తాం. నేర్చుకోవడం వాళ్ళ పిల్లల పని, వినడం మన పని అని ఎప్పుడో పంచేసుకున్నాం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా చిలకలూరిపేటలో ఆదం సాహెబు దగ్గర నేర్చుకుని, తర్వాత తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్ళి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. మసీదుకి వెళ్ళే మనిషి రంగనాథుడి ముందు వాయించారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన శిష్యుడు షేక్ మహబూబ్ సుభానీ, సుభానీ భార్య కాలీషాబీ జంటగా వాయిస్తారు, ఇద్దరికీ కలిపి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆడపిల్ల ఊదడమేమిటనే మాటకి కాలీషాబీని చూపిస్తే చాలు.

అయితే ఎనిమిదేళ్ళ పిల్లకి నాదస్వరం కొనమని నేను చెప్పలేదు. దాని పీకకి కావలసిన ఊపిరి పెద్దది. అర్ధస్వరాలు పెదవితో, గాలి ఒత్తిడితో రాబట్టాలి, దానికి మీటలు లేవు. మూడు పడగ్గదుల ఫ్లాటులో అది వాయిస్తే నాలుగంతస్తులకి వినబడుతుంది, దేవుడి వీధి కోసం పుట్టిన గొంతు అది. పదకొండు, పన్నెండేళ్ళు వచ్చాక, వేణువు మీద ఊపిరి నిలిచాక, పిల్లకే మనసుంటే తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వర పాఠశాల ఉంది. అప్పుడు మాత్రం "మనకెందుకు" అనకండి అన్నాను. ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు, ఫోనులో చినమౌలానా పేరు రాసుకుంది.

చివరికి వాళ్ళకి దొరికిన మాస్టారు కర్ణాటక వేణువాయన. ఐదు శ్రుతి వేణువు ఆయనే ఎంచి ఇచ్చారు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి పై అంతస్తునుంచి సగం గాలి, సగం రిషభం వినిపిస్తున్నాయి. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళు వచ్చేవారం వస్తున్నారట. "ఏదీ బంగారం, ఒక సినిమా పాట ఊదు" అని అడుగుతారేమోనని పాప ఇప్పటినుంచే బెంగ పెట్టుకుంది. వాళ్ళని ముందే హెచ్చరించమన్నాను: ఆరు నెలల దాకా ఆ పిల్ల దగ్గర పాట ఉండదు, సరళీ వరుసలే ఉంటాయి. మొత్తం పద్నాలుగు. కూర్చుని వినే ఓపిక ఉంటేనే అడగమనండి.