మీటరులో తొంభై ఎనిమిది, మనిషికి ఆయాసం

పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డులో కాసేపు తిరిగి, కళ్లు తుడుచుకుంటూనే చిలకలూరిపేట బస్సెక్కాను. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే ఘాటు. ఫిబ్రవరి నెల గుంటూరులో ఇది మామూలే. యార్డులో చూసిందొకటి మాత్రం మనసులో ఉండిపోయింది. మిర్చి టిక్కీలు (బస్తాలు) దించిన లారీ ఏదీ ఊరికే తిరిగిపోదు. రిటర్ను బాడుగ దొరికాకే కదులుతుంది.

పేట దాటాక నల్లరేగడిలో పత్తి తీతలు ముగిసి మోళ్లు మిగిలాయి. మిరప చేలల్లో మాత్రం కోతలు జోరుగా ఉన్నాయి. మా పిన్ని కూతురు ఈ పక్క ఏఎన్‌ఎం. ఆమె వెంట ఓ కల్లం దగ్గరికి వెళ్లాను. పట్టల మీద కాయలు ఆరుతున్నాయి, ఆడవాళ్లు వంగి తాలు ఏరుతున్నారు. ముఠా అంతా ఆదోని వైపు నుంచి వలస వచ్చినవాళ్లే.

"గట్టెక్కితే సాలు మేడమ్, ఆయాసం వస్తాది," అంది ముప్పయ్యేళ్ల మనిషి. మేస్త్రీ కరోనా నాటి ఆక్సీమీటరు తెచ్చి ఆమె వేలికి తగిలించాడు. 98. "ఈమెకేం లేదండీ, పని తప్పించుకోడానికి!" అని నవ్వాడు. మా చెల్లెలు మాట్లాడకుండా అదే చేతి వేలిని దూదితో తుడిచి, సూదితో గుచ్చి, చుక్క రక్తం స్ట్రిప్పు మీద పెట్టింది. హిమోగ్లోబిన్ 7.4. "రక్తం ఏడు పాయింట్లే ఉందక్కా," అంది.

రెండు మీటర్లూ నిజమే చెప్పాయి. నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఊరికే కరిగి పోయే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లే. మిగతా మోతంతా ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌దే, యార్డులో లారీలాగా. ఒక్కో అణువులో నాలుగు ఇనుము పరమాణువులు, ఒక్కోదానికి ఒక ఆక్సిజన్ అణువు. గ్రాము హిమోగ్లోబిన్ మోసేది సుమారు 1.34 మిల్లీలీటర్లు. పదమూడు గ్రాములున్న మనిషి రక్తంలో నూటికి పదిహేడు మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, ఈమెకు ఉండేది సుమారు పదే. ఆక్సీమీటరు వేలి గుండా ఎర్ర కాంతినీ పరారుణ కాంతినీ పంపి, ఉన్న లారీల్లో ఎన్ని నిండాయో చూస్తుంది. అసలు లారీలెన్నో అది లెక్కపెట్టదు.

తిరుగు బాడుగ కార్బన్ డయాక్సైడ్. ఇది చాలావరకు వేరే దారిన పోతుంది. డెబ్బై శాతం దాకా ఎర్ర కణాల్లోని ఎంజైమ్ చేతిలో పడి, బైకార్బనేట్‌గా మారి ప్లాస్మాలో ప్రయాణిస్తుంది. ఇరవై శాతానికి అటూ ఇటూ హిమోగ్లోబిన్‌కే అంటుకుంటుంది, అయితే ఇనుము దగ్గర కాదు, ప్రొటీన్ భాగానికి. కొద్దిపాటి మాత్రం అలాగే కరిగి ఉంటుంది. పని చేస్తున్న కండరం దగ్గర ఈ వాయువు పెరిగి ఆమ్లత హెచ్చితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను ఇంకా ధారాళంగా వదిలేస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ 1904లో దీన్ని చూపించాడు. కాయ కోసే చేతికి ఒళ్లే ఇలా ఎక్కువ పెడుతుంది. కానీ సరుకే సగమైనప్పుడు గుండె రెట్టింపు తిప్పలు పడాలి. ఆమె ఆయాసం అదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఎర్రటివి తింటే రక్తం పడుతుందని కల్లంలో ఒకావిడ వాదించింది. పక్కన అన్ని క్వింటాళ్ల ఎరుపు ఆరబోసుకుని మరీ! మిరప ఎరుపు క్యాప్సాంథిన్ అనే రంగుది, రక్తానిది ఇనుముది. ఆ రెంటికీ చుట్టరికం లేదు. అసలు శత్రువు చేలో మాటిమాటికీ తాగే టీ. అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. "మాత్ర టీతో వద్దక్కా, నిమ్మకాయ నీళ్లతో వేసుకో. విరేచనం నల్లగా అయితే భయపడొద్దు," అని చెల్లెలు ఒక్కొక్కరికీ చెప్పింది.

మర్నాడు ఒంగోలు, చీమకుర్తి, పొదిలి మీదుగా కనిగిరి. ఇక్కడ కిడ్నీ జబ్బులు పాత బాధే. ఎర్ర కణాలు తయారు చేయమని ఎముక మజ్జకు కబురంపే ఎరిత్రోపొయిటిన్ ప్రధానంగా కిడ్నీలో పుడుతుంది. కిడ్నీ చెడితే ఇనుము ఉన్నా రక్తం పట్టదు. చాలామందికి ఆ హార్మోన్ ఇంజెక్షన్ కావాలి.

కోతలకు ముఠాలను పిలిచే రైతులకు ఒక మాట. ఆక్సీమీటరును అలమరలో పెట్టి, కూలీలు దిగిన వారంలోనే పీహెచ్‌సీకి కబురు పెట్టండి. హిమోగ్లోబిన్ పరీక్షా ఐరన్ మాత్రలూ అక్కడ ఉచితమే.