ఫిరంగి ముఖం ఎటు?

పార్వతీపురం, రాయగడ, భవానీపట్నం మీదుగా రాయపూర్‌కు కారులో బయలుదేరే తెలుగు ప్రయాణికులు మహాసముంద్ దాటి, మహానది వంతెన ఎక్కి ఆరంగ్ చేరుకుంటారు. రాష్ట్రం పేరులోనే ముప్పయ్యారు గఢ్‌లు ఉన్నప్పుడు దారిలో ఎక్కడో ఒకచోట బురుజులు, కందకాలు ఎదురవుతాయని ఆశించడం సహజం. ఆరంగ్‌లో చూడదగినది మాత్రం భాండ్ దేవళమనే జైనాలయం. నక్షత్రాకారపు పునాది, గర్భగుడిలో ముగ్గురు తీర్థంకరుల నల్లరాతి విగ్రహాలు. ఇచ్చిన మాట కోసం కన్నకొడుకును రంపంతో కోయడానికి సిద్ధపడిన మోరధ్వజుని రాజధాని ఇదేనని ఊరివారి విశ్వాసం. ఆ మోరధ్వజుడే మన మయూరధ్వజుడు. ‘ఆరా’ అంటే రంపం. ఊరి పేరు దాని నుంచే వచ్చిందంటారు.

గఢ్ అంటే ఈ నేలపై రాతిగోడ కంటే ముందు ఒక లెక్క. కలచురుల పాలనలో శివనాథ్ నదికి ఉత్తరాన పద్దెనిమిది గఢ్‌లు రతన్‌పూర్‌వి, దక్షిణాన పద్దెనిమిది రాయపూర్‌వి. ఒక్కో గఢ్ కింద ఆనవాయితీగా 84 గ్రామాలు. ఆరంగ్‌కు అటూ ఇటూ ఉన్న రాజిం, సిర్పూర్ ఆ జాబితాలోవే. తెలంగాణ పాఠకులకు దీన్ని వివరించనక్కరలేదు, ‘గడీ’ అన్న మాట చాలు. శిస్తు, తీర్పు, శిక్ష మూడూ ఒకే గుమ్మం నుంచి వెలువడే చోటు అది.

1854లో నాగపూర్ రాజ్యం కంపెనీ వశమైన తరువాత ఈ ప్రాంతానికి రాయపూర్ సైనిక స్థావరమే కొత్త కోట. సరిహద్దు రాజ్యం కాపలాకు దండు అవసరమే. అయితే ఆ దండుకు తగిలిన మొదటి ‘శత్రువు’ బయటివాడు కాడు. 1856 కరువులో వ్యాపారి కొట్టు తెరిపించి ధాన్యం పంచిన సోనాఖాన్ జమీందారు, బింఝ్వార్ ఆదివాసి నారాయణ్ సింగ్. జైలులో పెట్టారు, తప్పించుకున్నాడు, మళ్లీ పట్టుకుని 1857 డిసెంబరు 10న మరణశిక్ష అమలు చేశారు. నలభై రోజులైనా గడవక ముందే, 1858 జనవరి 18న, అదే స్థావరంలోని మూడవ రెజిమెంటుకు చెందిన హనుమాన్ సింగ్ సార్జెంట్ మేజర్ సిడ్‌వెల్‌ను చంపాడు. 22న పదిహేడుగురిని ఉరితీశారు. హనుమాన్ సింగ్ మాత్రం చిక్కలేదు. కోట లోపలి నుంచే బీటలు వారింది.

నారాయణ్ సింగ్ పేరు నేడు ప్రభుత్వానికి ప్రీతిపాత్రం. ఆరంగ్‌కు దగ్గరలో, నవ రాయపూర్‌లోని అంతర్జాతీయ క్రికెట్ మైదానానికి ఆయన పేరే. 2025 నవంబరు 1న ప్రధాని ప్రారంభించిన ఆదివాసీ యోధుల ప్రదర్శనశాలకూ ఆయన పేరే. ధాన్యం పంచినందుకు జైలుపాలైన మనిషికి ఇది దక్కవలసిన గౌరవమే, కాదనలేం. అయితే అదే రాయపూర్ నుంచి దక్షిణంగా బస్తర్ దారి పట్టినవారికి మరో తరహా గఢ్‌లు ఎదురవుతాయి. ఇసుక బస్తాలు, ముళ్లకంచెలు, కాపలా గోపురాలతో కేంద్ర బలగాల శిబిరాలు. శిబిరం వస్తేనే రోడ్డు, రేషను, సెల్ టవరు వస్తాయన్నది ప్రభుత్వ వాదన. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్లలో 76 మంది జవాన్లు బలైన నేపథ్యంలో ఆ వాదనను తేలికగా కొట్టిపారేయలేం. కానీ 2021 మే 17న సిల్గేర్‌లో శిబిరం వద్దన్న గ్రామస్థులపై కాల్పులు జరిగి ముగ్గురు మరణించిన సంగతినీ మరుగుపరచలేం. సల్వాజుడుం నాళ్లలో ఊళ్లు వదిలి భద్రాచలం అడవులకు చేరిన గుత్తికోయలను చూసిన తెలుగువారికి ఇది పరాయి రాష్ట్రపు వార్త కానేకాదు.

మావోయిస్టు ఉద్యమాన్ని తుదముట్టించడానికి 2026 మార్చి 31ని కేంద్రం గడువుగా ప్రకటించింది. శత్రువు లేడని తేల్చిన తరువాత ఆ కంచెలు ఎన్నేళ్లు ఉంటాయో, ఆ గుమ్మాల్లో కూర్చునేది ఉపాధ్యాయుడో, తుపాకీ పట్టిన జవానో రాయపూర్ పాలకులు ఆదివాసులకు ముందే చెప్పవలసి ఉంది.