పాకం తెలిసిన చేతులు

మా అమ్మమ్మకి కొలతలు తెలియవు. నీళ్లగిన్నెలో బెల్లం పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి, "ఇంక దించెయ్యవే" అనేది. ఆ విద్యని ఎవరూ విద్య అనలేదు. ఫ్రాన్సులో బార్లీ పంచదార కడ్డీల చరిత్ర చదువుతుంటే నాకు ఆమే గుర్తొచ్చింది.

పారిస్‌కి ఆగ్నేయంగా, ల్వాఁ నది ఒడ్డున మోరె అనే ఊరుంది. అక్కడి బెనెడిక్టిన్ సన్యాసినులు 1638లో బార్లీ ఉడికించిన నీళ్లతో పంచదార పాకం పట్టి, ముదిరాక తేనెరంగు మిఠాయి చేశారు. గొంతునొప్పికి అది మందు. ప్రసంగాలు చేసేవాళ్లూ, పాటగాళ్లూ బుగ్గన పెట్టుకునేవారు. ఫ్రెంచి విప్లవంలో మఠం మూతపడింది. ఫెలిసితె అనే సన్యాసిని తయారీ రహస్యాన్ని ఒక స్నేహితురాలికి చెప్పిందనీ, అలా అది మళ్లీ వేరే సన్యాసినులకు చేరిందనీ అంటారు. 1970లలో అది ఒక మిఠాయి వ్యాపారి చేతికి వచ్చింది. తర్వాత ఆ మిఠాయికి మ్యూజియం కూడా పెట్టారు.

ఆడవాళ్ల నోటి నుంచి నోటికి అందిన జ్ఞానం! వ్యాసం ఇలాగే, సంబరంగా ముగిద్దామనుకున్నాను.

కానీ అదే మఠంలో లూయీజ్ మారీ తెరేజ్ అనే నల్లజాతి సన్యాసిని ఉండేది. 1695లో ఆమె దీక్ష తీసుకుంది. ఆ ఏడాదే 14వ లూయీ రాజు ఆమెకి 300 లివ్రల భృతి ఇచ్చాడు. ఆమె రాణి కూతురని కొందరు, రాజు కూతురని కొందరు గుసగుసలాడారు. సెంసిమోఁ, వోల్టేర్ ఆమె పుట్టుక గురించి రాశారు. ఆమె తన గురించి ఏమనుకుందో ఎవరూ రాయలేదు. పారిస్‌లోని సెంత్ జన్వియెవ్ గ్రంథాలయంలో ఆమె చిత్రపటం ఉంది. ఆమెకి సంబంధించిన కాగితాలని పైన రాసి ఉన్న ఒక అట్ట కూడా ఉంది. లోపల కాగితాలు లేవు.

ఆమె దీక్షకి పదేళ్ల ముందు, 1685లో, అదే రాజు బానిసల మీద 'కోడ్ నువార్' అనే శాసనం చేశాడు. మార్తినీక్, గ్వాదెలూప్ దీవుల తోటల్లో చెరుకు నరికిన ఆడవాళ్లు, గానుగకి చెరుకు అందించిన ఆడవాళ్లు ఆ శాసనం కింద ఆస్తి మాత్రమే. ఫ్రాన్సు తన వలసల్లో బానిసత్వాన్ని చివరిసారిగా రద్దు చేసింది 1848లో.

సన్యాసినుల రహస్యం భద్రంగా మిగిలింది. దాన్ని మోసుకొచ్చిన స్త్రీల గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. పంచదార చేసిన స్త్రీలు ఆ కథలోకి రారు. 'స్త్రీల జ్ఞానం' అని ఒక్కమాటలో అనేటప్పుడు మనం ఎవరిని గడప బయట నిలబెడుతున్నాం?

అమ్మమ్మ పాకం గురించి చాలాసార్లు రాశాను. ఆ బెల్లం వండినవాళ్లని ఆమె తన వంటింటి గడప దాటనిచ్చేది కాదని మాత్రం ఇప్పుడే రాస్తున్నాను.