మామూ షెడ్డులో మూడు కార్లు

మా మామూ దగ్గర మూడు కార్లున్నాయి. ఒక్కటీ నడవదు.

ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లకు పైగా మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. అన్నేళ్లూ చెయ్యి పెట్టినవన్నీ సర్కారు బస్సులే. సొంతానికి ఒక మోపెడ్. రిటైరయ్యాక మొదట అంబాసిడర్ వచ్చింది. దాని ఇంజను బోరింగ్‌కి విజయవాడ ఆటోనగర్‌లో ఇచ్చి వస్తూ వస్తూ ఒక పద్మినిని చూశాడు. ఆ తర్వాత ఎవరో తోటాయన మూలన పడున్న మహీంద్రా జీపుని పాత ఇనుము రేటుకి ఇస్తానన్నాడు. ఇక ఆగుతాడా? మీ ఖాందాన్‌లోనూ ఇలాంటివాళ్లు ఉండే ఉంటారు. మామూలు మామూలుగా ఉండరు.

ఫజర్ నమాజ్ కాగానే షెడ్డులోకి పోతాడు. అంబాసిడర్ గ్యాస్కెట్ దొరికేదాకా పద్మిని అడుగు రేకు పని. వెల్డింగ్ కుర్రాడు ఏదో షాదీకి పోతే జీపు బ్రేకులు. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీని 2023 అక్టోబరులో రోడ్డు మీంచి తీసేశారు. సామాన్లు ఎక్కడని దొరుకుతాయి? దొరికిందాన్ని లేత్ మీద అరగదీయించి సరిపెట్టాలి. పద్మిని ఫియట్ సంతానం, నట్లు మిల్లీమీటర్లలో. అంబాసిడర్ ఇంగ్లీషు మోరిస్ సంతానం, నట్లు ఇంచుల్లో. మామూ మూడు హార్లిక్స్ సీసాలకి ఉర్దూలో చీటీలు అంటించాడు, బండికొకటి. నాలుగో సీసా మీద ‘ఖుదా జానే’ అని ఉంటుంది. ఏ బండివో తెలియని నట్లన్నీ అందులోకి. ఏడాదికేడాది నిండుతున్నది ఆ సీసా ఒక్కటే.

రంగు సంగతి ఇంకో తమాషా. షెడ్డు మీదికి చిన్నరసాల చెట్టు వాలి ఉంది. జనవరి, ఫిబ్రవరిలో పూత మీద తేనెమంచు పురుగు పడుతుంది. కిందున్న ప్రతిదాని మీదా జిగురు కారుతుంది. ఏప్రిల్, మేలో కాయ కోస్తే సొన. చర్మాన్ని పొక్కించే సొన, పచ్చి రంగుని వదులుతుందా? కోతలు అయ్యాక చేద్దామంటే అప్పటికి వానలు. చెట్టు కొట్టించమంటే, కాయలమ్మిన పైసలతోనే కదా ప్రైమర్ కొన్నది అంటాడు.

ఇదంతా నవ్వులాటే, అంబాసిడర్ సంగతి తెలియనంతవరకు. అది మామూది కాదు.

మా నానా మామిడి తోటలు పూత మీదే కౌలుకి తీసుకునేవాడు. పూత నిలిస్తే పండగ, రాలితే అప్పు. ఆ తోటలు గల దొరగారిది ఈ బండి, మార్క్ త్రీ. నేను పుట్టిన రాత్రి అమ్మీని తోట గుడిసె నుంచి నూజివీడు ఆస్పత్రికి తెచ్చింది ఇందులోనే. దొరగారు పోయాక హైదరాబాద్‌లో ఉండే కొడుకు మామూని పిలిచి, ‘మా నాన్న బండి, నువ్వే నిలబెట్టాలి’ అని అప్పజెప్పాడు. బంపర్ల క్రోమియం పూతకని ఇరవై వేలు చేతిలో పెట్టాడు.

ఆ ఇరవై వేలు జీపు టైర్లయ్యాయి. మొన్న ఈద్‌కి పోయినప్పుడు తెలిసింది నాకు.

దస్తర్‌ఖాన్ దగ్గర ముమానీ ఒక నోట్‌బుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. ‘పత్రికలో పనిచేస్తావు కదా బేటా, చదువు’ అంది. రిటైర్‌మెంట్ పైసల్లోంచి హజ్ కోసం విడిగా పెట్టినవి ఎప్పుడెప్పుడు ఎంతెంత పోయాయో తారీఖులతో సహా రాసుకుంది. అడుగున రాబోయే ఖర్చు కూడా. 20 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు, 2022కి ముందు 600 ఉండేది. మూడు బండ్లకి ముప్పై వేలు. ఆమె మోకాళ్లు ఇప్పటికే మెట్లెక్కనివ్వడం లేదు.

మామూ సేమియా గిన్నెలోకి చూస్తూ, ‘మూడూ పూర్తయితే రెండు అమ్మేసి పోదాం, ఇన్షా అల్లాహ్’ అన్నాడు.

‘సునోజీ’ అంది ముమానీ. గొంతు పెంచలేదు. ‘హజ్‌కి పోయేవాడు ముందు అప్పులు తీర్చాలి, అమానత్‌లు అప్పజెప్పాలి. అది మీరే కదా అందరికీ చెప్పేది? ఆ బండి అమానత్. ఆ ఇరవై వేలు కర్జ్. నాకు వీసా తెచ్చిచ్చినా మీతో వచ్చేది లేదు, అది తేలేదాకా.’

మామూ జవాబివ్వలేదు. నాకూ మాట రాలేదు. సగంలో ఆపిన వ్యాసాలు నా కంప్యూటర్లో ఎన్నున్నాయో నాకు తెలుసు. కానీ వాటికి ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. తేడా అక్కడే ఉంది. మామూని నవ్వుతూ వెనకేసుకొచ్చే మేమంతా ఆ తేడా చూడలేదు.

అసర్ తర్వాత షెడ్డులోంచి చప్పుడు వస్తే పోయి చూశాను. జీపు కావాలని గతంలో అడిగిన తోటాయనకి ఫోన్ చేసేశాడట, కొత్త టైర్లతో సహా. దొరగారి కొడుక్కి ఇంకా చేయలేదు. ‘ఆ మాట చెప్పడానికి రేపటిదాకా టైమివ్వు బేటా’ అన్నాడు, నేనేమీ అడగకుండానే.

కింద పరిచిన పాత పేపర్ మీద ‘ఖుదా జానే’ సీసా బోర్లించి ఉంది. గుడ్డతో తుడిచి ఒక్కో నట్టూ అంబాసిడర్ బోల్టుకి పట్టించి చూస్తున్నాడు.

‘లైట్ ఇటు పట్టు’ అన్నాడు. ‘హాఫ్ ఇంచ్ స్పానర్ ఎక్కడుందో చూడు.’