పత్తి ప్యాకెట్టూ, నా లా చదువూ

ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్లో ఉండి, ఇప్పుడు లా చదువుతానంటే ఇంట్లో ఏమంటారు? అదీ మామూలు లా కాదు, ఎల్.ఎల్.ఎం.లో కాంపిటీషన్ లా. తెలుగులో పోటీ చట్టం అనుకోవచ్చు. దసరాకి ఊరెళ్ళి ఈ ముక్క చెబితే మా నాయిన తిట్టలేదు గానీ, "గది సదివితే ఏమొస్తదిరా?" అన్నాడు.

జవాబు కోసం 2006 దాకా వెళ్ళాల్సి వచ్చింది. మాది పాలమూరు, అమ్మావాళ్ళది నల్గొండ. రెండు వైపులా పత్తే. అంతకు ముందేడు 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్టు 1,600 పైమాటే. ఎకరానికొకటి కావాలి. ఆ ధరలో 1,250 రూపాయలు మహికో మొన్‌శాంటో తన జన్యువుకి తీసుకునే రుసుమే. అమెరికా, చైనాల్లో కన్నా ఇక్కడ చాలా ఎక్కువ గుంజుతున్నారంటూ అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఢిల్లీలోని ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కి వెళ్ళింది. 2006 మేలో కమిషన్ రుసుము తగ్గించమంది. ఆ వానాకాలానికి ప్రభుత్వం ప్యాకెట్టు ధర 750గా ఖరారు చేసింది. నాయిన ఒకటికి రెండుసార్లు రసీదు చూసుకోవడం నాకింకా గుర్తే.

ఎం.ఆర్.టి.పి. 1969 నాటి చట్టం. దాని స్థానంలో వచ్చినదే 2002 కాంపిటీషన్ యాక్టు. అందులోని అసలు సెక్షన్లు అమల్లోకి వచ్చింది 2009 మేలో. మన ఫీల్డులో వాళ్ళకి ఇది 2022లో తెలిసింది, ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కి 1,337 కోట్ల జరిమానా పడ్డప్పుడు. పెద్దగా ఎదగడం తప్పు కాదు, ఆ పెద్దరికంతో పక్కవాడిని తొక్కేస్తేనే తప్పు. చట్టం సారం ఇంతే.

మరి అంతా బాగుందా అంటే, లేదు. 2016లో కాంపిటీషన్ కమిషన్ మళ్ళీ అదే పత్తి జన్యువు మీద విచారణకి ఆదేశించింది. 2023లో ఢిల్లీ హైకోర్టు, పేటెంట్ లైసెన్సుల సంగతి పేటెంట్ చట్టమే చూసుకుంటుంది, ఇది కమిషన్ పని కాదంది. విత్తనమైనా, ఫోన్లో చిప్పయినా పేటెంటు లేనిదేది? నాకు చదవాలనిపించింది సరిగ్గా ఇక్కడే.

ఇక లెక్కలు. బీటెక్ వాళ్ళకి ఎల్.ఎల్.ఎం. నేరుగా ఇవ్వరు. లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్.ఎల్.బి. చేయాలి, ఆపైన ఎల్.ఎల్.ఎం. ఏడాదో రెండేళ్ళో. అంటే కనీసం నాలుగేళ్ళు జీతం బంద్. ఈఎంఐ మాత్రం బంద్ కాదు.

ఇదంతా చెబితే నాయిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గప్పుడు సర్కారు తగ్గించిందనుకున్న. గింత కత ఉందని నాకు తెల్వదు" అన్నాడు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

లాసెట్ పుస్తకాలైతే కొన్నాను. రాజీనామా సంగతి ఇంకా తేల్చుకోలేదు. మీలో ఎవరైనా కోడింగ్ వదిలి లా వైపు వెళ్ళినవాళ్ళుంటే, ఆ నాలుగేళ్ళూ ఇల్లెలా గడిచిందో కాస్త చెబుదురూ.