తెర మీది పడవ... తెరచాప పడవ!

పడవ అనగానే మీకేం గుర్తొస్తుంది? 'మూగమనసులు' (1964)లో గోదావరి మీద పడవ నడిపే అక్కినేని! 'అందాల రాముడు' (1973)లో భద్రాద్రికి సాగే లాంచీ! మాకూ అంతే. మాది పెద్దమండ్యం. సముద్రమైనా, పడవైనా మదనపల్లె సినిమా హాల్లో చూడాల్సిందే. అందుకే తడ దగ్గర పులికాట్ సరస్సుకి వెళ్ళినప్పుడు, మోటారు పడవలు వదిలేసి, పట్టుబట్టి తెరచాప పడవే ఎక్కాం.

భీములవారిపాలెం రేవు నుంచి ఇరకం దీవికి ప్రయాణం. పొద్దున పూట గాలి నేల మీంచి నీళ్ళ వైపు వీస్తుంది. చాప ఉబ్బింది. పడవ చప్పుడు లేకుండా జారింది. హీరోలా నిలబడి ఫోజు పెట్టబోయాను.

"కూర్చో అబ్బయ్యా! చాప తిరిగిందంటే నీళ్ళల్లో ఉంటావు" అన్నాడు పడవ పెద్దాయన. హీరోయిజం అంతటితో సరి!

ఎండ ముదిరేసరికి గాలి ఠక్కున ఆగిపోయింది. పెద్దాయన గెడను బురదలో దిగేసి, పడవను దానికి కట్టేశాడు. "లంగరేదీ?" అన్నాను. "నడుంలోతు నీళ్ళకి లంగరెందుకు?" అని నవ్వి, సద్దిమూట విప్పాడు. తిన్నాక గెడ మా చేతికిచ్చాడు. దీవి చేరేసరికి అరచేతులు బొబ్బలు!

సరస్సుకి తూర్పు అంచున బకింగ్‌హాం కాలువ ఉంది. 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి, తర్వాత పెదగంజాం దాకా పొడిగించారు. అక్కణ్ణుంచి కృష్ణా, గోదావరి కాలువలు అందుకుంటాయి. అంటే, కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం ముట్టకుండా మద్రాసులో దిగేది! గాలి ఉంటే చాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. మద్రాసు నడిబొడ్డున అడయారు, కూవం నదుల్ని కలిపిన ముక్కను 1877-78లో తవ్వించారు. తవ్వింది కరువు పనికొచ్చిన జనం. మా రాయలసీమను మాడ్చింది కూడా ఆ కరువే. కాలువకి పేరు మాత్రం గవర్నరు దొరది!

రోడ్లు, రైళ్ళు వచ్చాయి. తుపాన్లకి కాలువ పూడింది. పడవలు పోయాయి. అయినా 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, చాలాచోట్ల అలల జోరుని తనలోకి తీసుకుని ఊళ్ళను కాచింది ఈ పాత కాలువే. ఆకలితో తవ్విన చేతుల పుణ్యం ఊరికే పోలేదు.

మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేచింది. చాప మళ్ళీ ఉబ్బింది. తిరుగు ప్రయాణంలో గెడ ముట్టుకునే పనే లేదు.

మీరూ వెళ్ళండి. గడియారం మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి. స్టూడియోలో స్విచ్ వేస్తే గాలొస్తుంది. ఇక్కడ గాలొస్తేనే సీను!